పేరు చెప్తేనే విమానం

చంపింది మీరే. ఇనుప గొట్టం ఎత్తిన చెయ్యి కపాక్‌ది. ఆ చేతికి జీతమిచ్చిన కంపెనీ మీది. ఆ కంపెనీకి మా కొండల్ని రాసిచ్చిన సంతకం మీది. తండ్రిని పూడ్చి వచ్చిన మనిషిని బల్ల ముందు నిలబెట్టి, కార్డులో ఒక పేరు, టికెట్లో ఒక పేరు ఎందుకున్నాయని అడగమన్న రూలూ మీదే. అడవిలోకి రంపాలు తెచ్చినప్పుడు మీరు ఏ చెట్టు పేరూ అడగలేదు. మా మనిషి తల పగలగొట్టినప్పుడు వాడి పేరూ అడగలేదు. చచ్చినవాడి కొడుకు సాక్ష్యం చెప్పడానికి విమానం ఎక్కబోయేసరికి మీకు పేర్లు కావలసి వచ్చాయి. వినండి మరి, ఆ పేరు కోసం ఎంత నెత్తురు కారిందో.

బరామ్ నది ఎగువన లాంగ్ కెలాయ్ మా ఊరు. ఊరి పై మలుపులో కంపెనీ రోడ్డుకి అడ్డంగా మేము దడి కట్టాం. గుంజలు పాతి, వాటికి పేము తీగలతో వాసాలు బిగించి, వంతులు వేసుకుని కూర్చున్నాం. ఆ పొద్దు జుమాన్ వంతు. ముప్పై ఏళ్ళు నిండని మనిషి, కుక్కల్ని వెంటేసుకుని పందుల్ని తరమడం తప్ప ఇంకో పని రానివాడు. తండ్రి వంతు కాకపోయినా కొడుకుతోపాటు వచ్చి కూర్చున్నాడు. మిగతావాళ్ళు సగ్గుపిండి గంజి తాగడానికి ఏటి దగ్గరకి దిగారు. మంచు ఇంకా విడలేదు.

కంపెనీ జీపు వచ్చింది. కపాక్ దిగాడు, వెనకాల మనుషులు దిగారు. కపాక్ అంటే గొడ్డలి. క్యాంపులో అందరూ వాణ్ణి అలాగే పిలుస్తారు. వాడి కార్డులో ఏ పేరుందో ఇంతవరకు ఎవడూ అడగలేదు.

"లే ముసలోడా. లారీలు రావాలి."

"వచ్చిన దారినే పోతే అడ్డమేముంది?" అన్నాడు ముసలాయన, పొగాకు చుట్టుకుంటూ.

"ఏం కావాలి నీకు? బియ్యమా? డీజిలా? కొత్త రేకులా? చెప్పు, సాయంత్రానికి పంపిస్తా."

"నువ్వు నిలబడ్డ చోటు కావాలి. కొంచెం పక్కకి జరుగు."

జుమాన్ నవ్వాడు. నాన్న మాటకి నవ్వడం అదే ఆఖరు. కపాక్ కూడా నవ్వాడు. నవ్వుతూనే జీపులోంచి గొట్టం తీసి ముసలాయన తల మీద కొట్టాడు. పచ్చి వెదురు చీలినట్టు చప్పుడైంది. జుమాన్ లేచేలోపు ఇద్దరు అతన్ని బోర్లా పడేశారు. ఒకడు మెడ మీద బూటు పెట్టాడు. చెంప బురదలో కూరుకుపోయింది, ఒక కంట్లో బురద నిండింది. రెండో కన్ను మాత్రం తెరుచుకునే ఉంది. ఆ కంటితో అంతా చూశాడు. రెండో దెబ్బ మొహం మీద పడింది. తండ్రి ఎడమ కన్ను పోయింది. మూడో దెబ్బకి చేతులు కొట్టుకోవడం ఆగింది. ఆ పైన వాళ్ళు దడి పక్కనున్న దుంగని గడ్డపారలతో కదిపి ఆయన ఛాతీ మీదకి దొర్లించారు.

పోలీసులు కంపెనీ జీపులోనే వచ్చారు. దుంగ దొర్లి మరణం అని రాసుకుని, కంపెనీ వాళ్ళిచ్చిన టీ తాగి వెళ్ళారు.

తండ్రిని పూడ్చిన పొద్దు నుంచి జుమాన్‌ని ఎవరూ జుమాన్ అనలేదు. ఊయావ్ అన్నారు. తండ్రి పోయినవాణ్ణి అలాగే అంటారు. పోయినవాడి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. పేరు పెట్టి పిలిస్తే పోయేవాడు ఆగుతాడు, వెనక్కి చూస్తాడు, దారి తప్పుతాడు, పిలిచినవాళ్ళ గుమ్మంలోకొచ్చి కూర్చుంటాడు. చర్చి ఫాదరు వచ్చినప్పుడల్లా అదంతా వట్టిదంటాడు. మేమూ అవునవునని తలూపుతాం. పేరు మాత్రం పలకం. అందుకే నేనూ ఇక్కడ రాయను.

తీరంలోని పట్నంలో ఒక లాయరమ్మ మా కోసం కోర్టు గుమ్మాలెక్కి దిగింది. కళ్ళారా చూసినవాడు శుక్రవారం వచ్చి ఎదుట నిలబడి చెప్తే హత్య కింద విచారిస్తామని, రాకపోతే కేసు మూసేస్తామని జడ్జి అన్నాడు. చూసినవాడు ఒక్కడే. పట్నానికి వెళ్ళే రోడ్డు మీద కంపెనీ గేటుంది. ఏటి ఒడ్డున కంపెనీ క్యాంపులున్నాయి. మిగిలింది లాంగ్ కెలాయ్ గడ్డి మైదానంలో దిగే చిన్న విమానం. శుక్రవారం లోపు అది ఒక్కసారే వస్తుంది.

టికెట్ తీసింది జుమాన్ పినతండ్రి కూతురు ముజాన్. ఊళ్ళో మందుల గదిలో పనిచేస్తుంది. కొండెక్కి, ఫోన్‌కి సిగ్నల్ దొరికే బండ మీద నిలబడి టికెట్ కొట్టింది. ప్రయాణికుడి పేరు అడిగిన చోట దాని వేళ్ళు ఆగాయి. అన్న గుర్తింపు కార్డు చేతిలోనే ఉంది. కార్డులో జుమాన్ అని, పక్కన తండ్రి పేరు ఉంది. ఆ పేరు కొట్టడమంటే పిలవడమే. పైగా అన్న ఇప్పుడు ఆ పేరుగలవాడు కూడా కాడు. ఊయావ్ జుమాన్ అని కొట్టింది. తప్పు చేస్తున్నానని దానికి తోచనే లేదు. మా ఊళ్ళో ఎవర్నడిగినా అదే కొట్టేవాళ్ళు.

*

విమానం దిగే చోట ఒక రేకుల గది, ఒక బల్ల, మనుషుల్నీ సామాన్లనీ తూచే కాటా, ఒక రేడియో ఉంటాయి. బల్ల వెనక లవాయ్ కూర్చుంటాడు. పక్క ఊరివాడే, కెన్యా తెగ మనిషి. జుమాన్ ఇంట్లో పంది మాంసం తిని ఎన్నిసార్లు నిద్రపోయాడో లెక్కలేదు. ఇప్పుడు యూనిఫాం వేసుకున్నాడు.

జుమాన్‌తో ముజాన్ వచ్చింది, మేనత్త ఉబుంగ్ వచ్చింది. ఉబుంగ్ అత్త చచ్చినవాడికి అక్క. పళ్ళు సగం రాలినా నోరు మాత్రం తగ్గలేదు. ఇంకా ఊరివాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. కొందరు దురియన్ పళ్ళ బుట్టలు పట్నం పంపడానికి, కొందరు ఊయావ్‌ని సాగనంపడానికి వచ్చారు.

జుమాన్ నడుం కత్తి విప్పి బల్ల కింద పెట్టాడు. కాటా ఎక్కి దిగాడు. కార్డు ఇచ్చాడు. లవాయ్ కార్డు చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఏంట్రా ఇది? టికెట్లో ఊయావ్ జుమాన్ అనుంది. కార్డులో జుమాన్..." అంటూ తండ్రి పేరు దాకా వచ్చి నాలుక కరుచుకున్నాడు.

"రెండూ నేనే."

"నువ్వేనని నాకు తెలీదా? మొలతాడుతో తిరిగినప్పట్నుంచి చూస్తున్నా నిన్ను. కంప్యూటరుకి తెలీదు."

"అయితే దాన్నిట్లా పిలువు," అంది ఉబుంగ్ అత్త. "చెవి మెలేసి చెప్తా, వీడెవడో."

అందరూ నవ్వారు. లవాయ్ నవ్వలేదు.

"అత్తా, నువ్వు కాసేపు ఊరుకో. కార్డూ టికెట్టూ కలవకపోతే ఎక్కించడానికి లేదు. ఎక్కిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ. ఆ చొక్కా నీకు బిగుతైంది, ఎలాగూ చిరుగుతుంది."

ముజాన్ ముందుకొచ్చింది. "తప్పు నాది, లవాయ్ అన్నా. నేనే కొట్టా. మార్చడానికి కుదరదా?"

"కుదురుతుంది." లవాయ్ గొంతు తగ్గించాడు. "ఒక్క దారుంది. కార్డులో ఉన్న పూర్తి పేరు ప్రయాణికుడు తన నోటితో చెప్పాలి. నేను రేడియోలో పట్నానికి చెప్తే, వాళ్ళు టికెట్లో మారుస్తారు. నేను చదివేసి చెప్పకూడదు. కార్డు ఎవడిదో ఎత్తుకొచ్చినవాడు కాదని తెలియాలి కదా. నువ్వే చెప్పాలిరా."

జుమాన్ కార్డు వైపు చూశాడు. తండ్రి బయలుదేరి ఎన్నాళ్ళో కాలేదు. ఇంకా దారిలోనే ఉంటాడు. తల పగిలినవాడు, ఒక కన్ను లేనివాడు. అసలే దారి కనపడక తడుముకుంటూ వెళ్తుంటాడు. అలాంటివాడు కొడుకు గొంతు వింటే వెనక్కి తిరగకుండా ఉంటాడా? తిరిగితే మళ్ళీ ఆ దారి దొరుకుతుందా?

"పోనీ నా చెవిలో చెప్పు. మెల్లగా," అన్నాడు లవాయ్.

"మెల్లగా పిలిచినా పిలుపే."

"మరి ఏం చేద్దామంటావ్? విమానం వచ్చేస్తోంది. నువ్వెళ్ళకపోతే మీ నాన్నని దుంగే చంపిందని రాసేస్తారు. అది నీకిష్టమేనా?"

ఆ మాటకి జుమాన్ పెదవులు విడ్డాయి. మొదటి అక్షరం గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. అతను కూలబడి బల్ల కాలు పట్టుకున్నాడు. ఉబుంగ్ అత్త వంగి అతని వీపు మీద చెయ్యి వేసింది. "ఊపిరి తీసుకోరా నాయనా. తొందరేం లేదు," అంది. తొందర ఉందని ఆమెకీ తెలుసు.

అప్పుడే జీపు చప్పుడైంది.

క్యాంపుకి కబురు ఎవరు మోశారో అడగక్కర్లేదు. కంపెనీ డీజిలుతో బతికే ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. కపాక్ లోపలికొచ్చాడు. వెనకాల ఆ ఇద్దరే ఉన్నారు, జుమాన్ మెడ మీద బూటు పెట్టినవాడూ వాడి జోడీ.

"ఓహో, పట్నం ప్రయాణమా? సినిమాకా?" బల్ల మీదున్న కార్డు తీసుకున్నాడు. లవాయ్ చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. "ఫొటోలో బాగున్నావురా. ఇప్పుడేంటి ఇలా వాడిపోయావ్?"

"కార్డు ఇవ్వండి," అంది ముజాన్.

"ఇస్తానమ్మా. ఏదో పేరు గొడవ అంటున్నారు. నాకు చదువొచ్చు, నేను చదివి పెడతా." పదేళ్ళుగా మా మధ్య ఉంటున్నవాడు. మా చావు ఇళ్ళు చూశాడు, మా నోళ్ళు ఎక్కడ మూతబడతాయో వాడికి తెలుసు. కార్డు కళ్ళ దగ్గర పెట్టుకుని జుమాన్ పేరు చదివాడు. ఆగాడు. అందరి మొహాలూ చూశాడు. తరవాత చచ్చినవాడి పేరు చదివాడు. గట్టిగా, ఒక్కొక్క ముక్కా విడదీసి.

ఒక తల్లి బిడ్డ చెవులు మూసింది. ముసలివాళ్ళు మోకాళ్ళలో తలలు దాచుకున్నారు. ఉబుంగ్ అత్త కడుపులో పొడిచినట్టు ముందుకి వంగిపోయింది.

కపాక్ గుమ్మంలోకెళ్ళి అడవి వైపు తిరిగి, నోటికి చేతులడ్డం పెట్టుకుని ఆ పేరుతో కేక వేశాడు. "రావయ్యా! ఎక్కడున్నావ్? నీ కొడుకు విమానం ఎక్కుతున్నాడు, సాగనంపి పో! కన్ను కనపడటం లేదా? ఇటు, ఇటు రా!" వాడి మనుషులు పడిపడి నవ్వారు.

జుమాన్ చెయ్యి నడుముకి వెళ్ళింది. కత్తి అక్కడ లేదు, బల్ల కింద ఉంది. అతను వంగడం కపాక్ చూశాడు. చూసి, రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు.

"తియ్యి. రా. ఒక్క వేటు వెయ్యి. దేవుడి సాక్షిగా నేను తప్పుకోను."

"ఊయావ్!" ముజాన్ అరిచింది. "వద్దు! వాడికి కావలసింది అదే! నిన్ను లోపలేస్తారు, ఇంక ఎవడు చెప్తాడు!"

జుమాన్ కత్తి వదిలేశాడు. వదిలి, తన ముంజేతిని తనే కొరికి పట్టుకున్నాడు. పళ్ళు దిగి నెత్తురొచ్చింది. అలాగే నిలబడ్డాడు. మా వాళ్ళలో అంతకంటే పెద్ద వేట ఎవడూ ఆడి ఉండడు.

జుమాన్ తిరగబడనందుకు కపాక్‌కి ఒళ్ళు మండింది. మోకాలెత్తి పొత్తికడుపులో కుమ్మాడు. జుమాన్ ఒరిగిపోతుంటే జోడీగాడు జుట్టు పట్టుకుని మొహాన్ని కాటా అంచుకేసి కొట్టాడు. ముందు పళ్ళు రాలి కాటా మీద పడ్డాయి. బూటువాడు పక్కటెముకల్లో తన్నాడు, విరిగిన చప్పుడు వినపడే దాకా తన్నాడు. ముజాన్ వాడి వీపు మీదకి దూకింది. మోచేత్తో ఒక్కటిచ్చాడు, దాని ముక్కు పగిలింది. ఊరివాళ్ళు లేచేసరికి కపాక్ బల్ల కింది కత్తి అందుకున్నాడు. జుమాన్ కత్తే. కార్డుని బల్ల మీద పెట్టి మధ్యకి నరికాడు. ఫొటో ఒక ముక్కలో, పేరు ఒక ముక్కలో మిగిలాయి. బల్ల చెక్క కూడా చీలింది.

"కార్డు లేనివాడికి విమానం లేదు. అంతేనా లవాయ్?"

లవాయ్ చీలిన చెక్క వైపే చూస్తున్నాడు.

"నిన్నేరా అడిగేది. రూలు చెప్పు."

"అంతే," అన్నాడు లవాయ్. "కార్డు పోతే... పోలీసు రిపోర్టు తేవాలి."

"విన్నారా? రిపోర్టు తెస్తే చాలట. ఠాణా మా క్యాంపులోనే ఉంది, రండి, నేనే జీపులో తీసుకెళ్తా."

కొండ వెనక నుంచి విమానం రొద వినపడింది. గడ్డి అలలు అలలుగా పడుకుంది. విమానం గెంతుకుంటూ దిగి, చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి రేకుల గది ఎదుట ఆగింది. పైలట్ ఇంజన్ ఆపలేదు. పశ్చిమాన మబ్బు కిందికి దిగుతోంది.

అప్పుడు ఉబుంగ్ అత్త లేచింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ గడ్డిలోకి నడిచి, తిరుగుతున్న పంకా రెక్కలకి పది గజాల ముందు కూర్చుని పొగాకు తీసింది. మిగతావాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. దడి కట్టడం మా ఎముకల్లో ఉంది. ఒకరు బెంచీ మోసుకొచ్చారు, ఒకరు దురియన్ బుట్టలు పరిచారు, ఇద్దరు జుమాన్‌ని మోసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. ముజాన్ నెత్తుటి చేతుల్తో కార్డు ముక్కలు రెండూ ఏరుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది.

పైలట్ ఇంజన్ ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏయ్! పిచ్చా మీకు? చస్తారు!"

"తాగి ఉన్నారు సార్!" కపాక్ జీపులోంచి గొట్టం తీసి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఒక్క నిమిషం, ఊడ్చేస్తాం!"

"ఆ మనిషికేమైంది? నెత్తురేంటి?"

"ఇతను పట్నం రావాలి," అంది ముజాన్. "కార్డు వీడు నరికేశాడు." ముక్కలు ఎత్తి చూపించింది.

పైలట్ మబ్బు వైపు చూశాడు, మా వైపు చూశాడు. జాలి గలవాడని చెప్పను, మొహమంతా చిరాకే. "నాకు మీ తగాదా వద్దు. పదినిమిషాల్లో ఆ కొండ కనపడదు, నేనూ ఇక్కడే ఇరుక్కుంటా. ఎవడితను? పేరేంటి? ఇతన్నెరిగినవాళ్ళు నా ఎదుట చెప్పండి, రేడియోలో పట్నానికి చెప్పి ఎక్కించుకుంటా. లేదంటే దారి వదలండి."

గడ్డిలో అందరూ బిగుసుకుపోయారు. జుమాన్ నోరు తెరవబోయాడు. నోట్లోంచి నెత్తురే వచ్చింది.

"నేను చెప్తా," అంది ఉబుంగ్ అత్త. "వీడు నా తమ్ముడి కొడుకు. చిన్నప్పుడు వీడి పేరు జుమాన్. నా తమ్ముడి పేరు..."

కపాక్ గొట్టం ఆమె దవడ మీద పడింది. సగం పేరు గాలిలో ఉండిపోయింది. ఆమె పక్కకి ఒరిగింది. పక్కనున్న ముసలాయన, తెల్లారితే ఆమెతో పోట్లాడేవాడు, మిగతా సగం పలికాడు. జోడీగాడు అతని మోచేతిని విరగ్గొట్టాడు. వెనకాల ఒక పడుచు లేచి మొత్తం పేరూ మొదటి నుంచి చెప్పింది. జుట్టు పట్టుకుని ఈడ్చారు. ఈడుస్తుంటే చెప్పింది. బిడ్డ చెవులు మూసిన తల్లి చేతులు తీసేసి చెప్పింది. దెబ్బ పడిన చోటల్లా పేరు తెగింది, తెగిన చోట ఇంకొకరు అందుకున్నారు. ఆఖర్న జుమాన్ ముజాన్ భుజం పట్టుకుని లేచాడు. విరిగిన పళ్ళ సందులోంచి తన పేరు, తండ్రి పేరు కలిపి చెప్పాడు. చెప్పి, అడవి వైపు చూశాడు. ఎవరో వెనక్కి తిరగడం అతను ఒక్కడే చూశాడో ఏమో, ఒళ్ళంతా వణికింది.

రేకుల గదిలో రేడియో గరగరమంది. లవాయ్ అందులో అరుస్తున్నాడు. "పేరు మార్చుకోండి! ప్రయాణికుడు నోటితో చెప్పాడు! నేను విన్నా! ఊరంతా విన్నది! రాసుకోండి!" తరవాత వాడు కూడా ఆ పేరు పలికాడు. బూటువాడు లోపలికి దూరి రేడియో తీగ పీకి, అదే తీగ వాడి గొంతుకి చుట్టాడు. లవాయ్ కాళ్ళు తన్నుకుంటూనే కాగితం మీద ముద్ర వేసి కిటికీలోంచి బయటకి విసిరాడు.

"సరే, చాలు! ఎక్కించండి, ఎక్కించండి!" పైలట్ తలుపు తన్ని తెరిచాడు. కపాక్ అడ్డమొస్తే, "నా విమానం మీద చెయ్యేస్తే నిన్ను మీ కంపెనీ కూడా కాపాడదు," అన్నాడు. విమానమంటే వాడికి భయం, మనుషులంటే లేదు. ఆగాడు. జుమాన్‌ని సంచిలా లోపలికి ఎత్తారు. ముజాన్ కార్డు ముక్కలు అతని గుప్పిట్లో కుక్కింది. విమానం లేచి మబ్బులో దూరింది.

కపాక్ దాన్ని కొండ దాటేదాకా చూశాడు. ఆ తరవాత మా వైపు తిరిగాడు. ఇంక చూడ్డానికి పైలట్ లేడు. గడ్డిలో జరిగిందంతా రాస్తే మీరు చదవలేరు. ఉబుంగ్ అత్త దవడ అతకలేదు. గంజి పోస్తే పక్కకి కారిపోతుంది, మాట రావడం లేదు. లవాయ్ మెడ చుట్టూ తీగ గీత ఉంది, ఉద్యోగం లేదు.

*

శుక్రవారం జుమాన్ కోర్టులో నిలబడ్డాడు. లాయరమ్మ అతని పక్కటెముకలకి గుడ్డ బిగించి తీసుకెళ్ళింది. అతను నోరు తెరవకముందే కంపెనీ లాయరు లేచాడు. ఇస్త్రీ నలగని మనిషి.

"అయ్యా, ఈ పెద్దమనిషి ఎవరో మనకు తెలీదు. ఈయన దగ్గరున్నవి రెండు ప్లాస్టిక్ ముక్కలు. ఫొటో ఉన్నదాంట్లో పేరు లేదు, పేరున్నదాంట్లో ఫొటో లేదు. రెండూ ఒక్క కార్డువేనని రుజువేది?"

"నేను ఆయన కొడుకుని," అన్నాడు జుమాన్. పళ్ళు లేక మాట ఊదినట్టు వచ్చింది. "చూశాను. చెప్తాను."

"ఏమంటున్నాడు?" అని ఎవరో అడిగారు. వెనక బల్లల్లో నవ్వు.

గుర్తింపు రుజువయ్యేదాకా వాయిదా అన్నారు. కొత్త కార్డు కావాలంటే పోలీసు రిపోర్టు కావాలి, అది రాయాల్సిన ఠాణా కంపెనీ క్యాంపులో ఉంది. దాని కోసం వెనక్కి వెళ్ళాలంటే విమానం ఎక్కాలి, విమానం ఎక్కాలంటే కార్డు కావాలి.

ఇప్పుడు జుమాన్ పట్నంలో చర్చి వరండాలో పడుకుంటున్నాడు. రోడ్డవతల కంపెనీ మనుషులు మోటారు సైకిళ్ళ మీద కూర్చుని అతన్నే చూస్తుంటారు, చూసి గొంతు మీద వేలు గీసుకుంటారు. అతను వాళ్ళని చూడడు. ఎవరైనా అన్నం పెడితే ముందు ఒక ముద్ద తీసి ఎడమ పక్కన, అరుగు మీద పెడతాడు. అక్కడ ఎవరు కూర్చున్నారో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. పిలిచారు కాబట్టి వచ్చాడు. ఒక కన్ను లేనివాడు, దారి పోగొట్టుకున్నవాడు, కొడుకు సాక్ష్యం చెప్పేదాకా అక్కడి నుంచి లేవడు. కొడుకు వంగి, ఎడమ వైపు తిరిగి, "ఇంకాసేపే నాన్నా," అంటుంటాడు. పట్నం వాళ్ళు అతనికి మతి పోయిందనుకుంటున్నారు.

మతి పోలేదు. చూసింది చూసినట్టు అతనికి గుర్తుంది. గొట్టం ఎన్నిసార్లు లేచిందో, ఎవడి బూటుకి ఏ రంగు మట్టి ఉందో, దుంగని ఏ గడ్డపారతో కదిపారో, అన్నీ ఉన్నాయి. అతన్ని కూడా చంపేదాకా ఉంటాయి. అదే కదా మీరు వాయిదాలతో ఎదురుచూస్తున్నది?

వాయిదా ఎత్తేయండి. వచ్చే నెల కుదరదు, ఈ పొద్దే ఎత్తేయండి. కార్డు కావాలంటే మీ మనిషిని చర్చి వరండాకి పంపి అక్కడే ఇవ్వండి, వేలిముద్రకి బొటనవేలు అతని దగ్గరే ఉంది. రోడ్డవతల మోటారు సైకిళ్ళ మీదున్న వాళ్ళని ఇప్పుడే పట్టుకోండి, కపాక్‌ని క్యాంపులో పట్టుకోండి, వాడి కార్డులో పేరేమిటో వాణ్ణి అడగండి. ఠాణాని కంపెనీ కంచె లోపల నుంచి ఈ వారమే బయటకి లాగండి. అన్నిటికంటే ముందు కోర్టు తలుపు తెరవండి. వరండాలో ఉన్న మనిషిని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అతను చెప్పింది రాసుకోండి.